గంటల అన్నకు కీప్ నేర్పిన రోజులు

ఉద్యోగ జ్ఞాపకాలు రిటైరైనవాళ్లు రాస్తారు. నాకింకా ముప్పై నిండలేదు. అయినా రాసే అర్హత ఉందనే అనుకుంటున్నాను. నేను రిటైర్ కాలేదు గానీ నా ఉద్యోగం రిటైరైంది. మా కేజీఎఫ్‌లో అదేమీ వింత కాదు. గని మూతపడ్డాక ఇక్కడ పాతికేళ్లవాళ్లు కూడా "మా సర్వీసులో" అని మాట మొదలుపెడతారు. పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పోయి చీకటిపడ్డాక తిరిగొచ్చే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీకోసమే రాస్తున్నాను. సీటు దొరికితే కూర్చుని చదవండి, దొరక్కపోతే నిలబడి చదవండి. ఎలాగైనా బంగారుపేట దాటేలోపు అయిపోతుంది.

నా పని, గనిలో ఉద్యోగం పోయినవాళ్లకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పడం. రాబర్ట్‌సన్‌పేటలో ఒక పాత గోడౌను అద్దెకు తీసుకుని, ఊరివాళ్లే కొందరు కలిసి చిన్న శిక్షణ కేంద్రం పెట్టారు. ముందు గదిలో టైపు, వెనక గదిలో ఇంగ్లీషు. టైపు నేర్పే మాస్టారే కేంద్రానికి పెద్ద. ఆయనకు ఇంట్లో తమిళం, బయట తెలుగు, కోపమొస్తే ఇంగ్లీషు. నేను బి.ఎ. పాసైనదాన్ని. పుస్తకాలు చదివేదాన్ని, డైరీ రాసేదాన్ని, మనుషులతో మాత్రం మాట్లాడేదాన్ని కాదు. మాట్లాడటం నేర్పడానికి నన్నెందుకు పెట్టుకున్నారని మాస్టారిని అడుగుదామనుకున్నాను. అడగడానికి నోరు రాలేదు. అందువల్ల చేరిపోయాను.

విద్యార్థులంతా మా నాన్న ఈడువాళ్లు, కాకపోతే ఆయన తమ్ముళ్ల ఈడువాళ్లు. బడి బెంచీల్లో మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చునేవాళ్లు. వాళ్లను అన్నా అనేదాన్ని, వాళ్లు నన్ను మిస్ అనేవాళ్లు. వారానికొక క్రియ అని నియమం పెట్టుకున్నాను. గో, కమ్, గివ్ బాగానే గడిచాయి. తర్వాత వారం కీప్ వచ్చింది.

బోర్డు మీద పెద్దగా రాశాను. "నాలుగు అక్షరాలు. మధ్యలో ఇ రెండుసార్లు వస్తుంది, మర్చిపోకండి" అన్నాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. పక్కవాళ్లకు అంటుకుంది. గదంతా నవ్వు.

రాళ్లకు తూట్లు పొడిచే డ్రిల్లు యంత్రం మీద పనిచేసిన అన్న ఒకాయన ఉండేవాడు. క్లాసుకంతా ఆయనే నోరు. ఆయన లేచాడు.

"మిస్, ఇంగ వేరే మాట లేదా?"

"ఎందుకన్నా?"

"ఆ మాట మా ఇంట్లో గట్టిగా చదివితే రాత్రికి సంగటి దొరకదు మిస్. యాడుండాది ఆమె, ఎప్పటి నుంచి అని అడుగుతాది."

మనవాళ్లు కీప్ అనే మాటను ఏ ఆడమనిషి గురించి వాడతారో మీకు తెలుసు, నాకూ తెలుసు. తెలియనట్టు ముఖం పెట్టడం మాత్రం తెలియలేదు. బోర్డు వైపు తిరిగి అదే మాటను మళ్లీ మళ్లీ రాస్తూ పోయాను. బోర్డు సగం నిండింది. ముందు గదిలో టైపు మిషన్ల చప్పుడు ఆగింది.

"కీప్ సైలెన్స్!" అని మాస్టారు గావుకేక పెట్టారు.

నవ్వు టక్కున ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో డ్రిల్లు అన్నే నెమ్మదిగా అన్నాడు, "ఇది వేరే కీప్ కదా మిస్?"

అప్పుడు బోర్డు వదిలి ఇటు తిరిగాను. "వేరేనే అన్నా. ఇంకా చాలా ఉన్నాయి. మీకు తెలిసినవి చెప్పండి."

ఆ సాయంత్రం వాళ్లు చెప్పినన్ని నా పుస్తకంలో కూడా లేవు. సొరంగంలో కీప్ లెఫ్ట్. పట్టాల పక్కన కీప్ క్లియర్. టోకెన్లిచ్చే టైంకీపర్, నట్లూ బోల్టులూ ఇచ్చే స్టోర్‌కీపర్, మైదానంలో గోల్‌కీపర్. ఆవులున్న ఒకాయన లేచి, "ఐ కీప్ టూ కౌస్" అని దర్జాగా చెప్పి, "ఒకటి పాలిస్తాది, ఇంగొకటి ఊరికే సుమ్నే తింటాది. దానిక్కూడా కీపేనా మిస్?" అన్నాడు. దానిక్కూడా కీపేనన్నాను. ఇవ్వకుండా ఉంచుకుంటే కీప్, జాగ్రత్తగా చూసుకుంటే కీప్, ఆపకుండా చేస్తూ పోతే కీప్, అన్న మాట నిలబెట్టుకుంటే కీప్. తరతరాలుగా ఇంగ్లీషు రాదనుకున్న ఊరు ఒకే మాటను ఇన్ని చోట్ల గోడల మీద రాసుకుని దాని పక్కనుంచే పనికి పోయి వచ్చింది.

"నువ్వేం కీప్ చేస్తావు మిస్?" అని డ్రిల్లు అన్న అడిగాడు.

"డైరీ" అన్నాను. ఆ సంగతి మా ఇంట్లో కూడా అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ మాట రాయించిన కాగితాలు తీసుకుని చూస్తే అందరూ ఇ రెండుసార్లు రాశారు, ఒక్కాయన తప్ప. ఆయన ముందు బెంచీలో చివర కూర్చునే పొడుగాటి మనిషి. ఎప్పుడూ నా నోటి వైపే చూస్తుండేవాడు. గని బావిలోకి మనుషుల్ని దింపే ఇనుప పెట్టెను కేజీ అంటారని మీరు తాతల నోట వినే ఉంటారు. ఆయన ఆ కేజీ దగ్గర గంటలు కొట్టేవాడు. అందుకని క్లాసులో గంటల అన్న అనేవాళ్లు.

"ఇంకో ఇ కావాలన్నా" అన్నాను.

"ఇంకో ఇ కావాల. సరే మిస్. కేజీ పైకొచ్చి కూర్చునే ఇనుప చేతులుంటాయి, వాటిని కెప్స్ అంటారు. ఆడ ఇ ఒకటే ఉండాది, అదే చేతికొచ్చేసింది."

నేను చెప్పింది తిరిగి చెప్పి, తర్వాత జవాబివ్వడం ఆయన పద్ధతి. నీ పేరేమిటని ఇంగ్లీషులో అడిగితే, ముందు అదే ప్రశ్న నాకు అప్పజెప్పి, ఆ తర్వాత పేరు చెప్పేవాడు. క్లాసులో అన్నీ అందరిచేతా కలిపి చదివిస్తాను కదా, ఆ ఊపులో అలా అంటున్నాడనుకున్నాను. చదువు మీద శ్రద్ధ అని సంతోషపడ్డాను కూడా.

ఆయనకు ఉద్యోగం ఎంత అవసరమో క్లాసులో అందరికీ తెలుసు. బెంగళూరులో బావమరిది ఒక అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని చూసిపెట్టాడు. మెట్ల కింద గది, అక్కడే ఉండాలి. భార్యకు ఇక్కడ గని కార్మికుల లైన్ ఇళ్ల దగ్గర ఇడ్లీల వ్యాపారం. "నేను రాను, నువ్వు పోతే పో" అనేసిందామె. ఇంతలో మాలూరులో ఒక రేకుల ఫ్యాక్టరీవాళ్లు గేటు దగ్గరికి మనిషి కావాలన్నారు. అది దొరికితే రోజూ రైల్లో పోయి రైల్లో ఇంటికి రావచ్చు. దొరక్కపోతే మెట్ల కింద గదికి ఒక్కడే పోవాలి. అడిగేది ఉత్తరాది మేనేజరు. మాటలన్నీ ఇంగ్లీషులోనే.

ఇంటర్వ్యూ అయిన సాయంత్రం డ్రిల్లు అన్న క్లాసు ముందు నిలబడి అంతా నటించి చూపించాడు. తనకు అదే ఫ్యాక్టరీలో లోడింగు పని ఖాయమైంది. మంచి హుషారు మీద ఉన్నాడు.

"మేనేజరు అడిగినాడు మిస్, 'కెన్ యు కీప్ నైట్ డ్యూటీ?' మనోడు లేసి నిలబడి, గట్టిగా, 'కెన్ యు కీప్ నైట్ డ్యూటీ?' అన్నాడు. ఆయప్ప కండ్లద్దాలు తీసినాడు. 'ఐ యామ్ ఆస్కింగ్ యు' అన్నాడు. మనోడు, 'ఐ యామ్ ఆస్కింగ్ యు' అన్నాడు. ఇంగేముండాది, నెక్స్ట్ అనేసినారు!"

క్లాసు నవ్వింది. గంటల అన్న కూడా నవ్వడం మొదలుపెట్టాడు గానీ అందరితోపాటు ముగించలేదు. మర్నాడు క్లాసుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

నేను ఒకరింటికి పిలవకుండా వెళ్లే మనిషిని కాదు. దారి పొడుగునా ఏం మాట్లాడాలో అనుకుంటూ, గని వ్యర్థాలు పోసిన సైనైడ్ దిబ్బ పక్కనుంచి వాళ్ల లైన్లోకి వెళ్లాను. ఆయన ఇంటి వెనక కోళ్లగూడు బాగుచేస్తున్నాడు. ముందు గదిలో భార్య మినప్పప్పు కడుగుతోంది.

"రా మిస్, కూసో. ఆయప్ప బేజారైపోయి ఉండాడు. కోళ్లతో గూడా మాట్లాడ్డం లేదు."

"ప్రశ్నను తిరిగి చెప్పకూడదని నేను ముందే చెప్పాల్సిందక్కా" అన్నాను.

"చెప్తే మాత్రం? ఇంట్లోనూ అదే కథ. పెండ్లైనప్పటి నుంచి చూస్తా ఉండా. ఉప్పు తేప్పా అంటే 'ఉప్పు' అంటాడు. అన్నాకే కాలు కదుల్తాది. నీకేమన్నా చెవుడా అని మొదట్లో తిట్టినా. మా అత్త చెప్పింది, చెవుడు కాదే, వాడు కేజీకాడ పనిచేసేటోడు అని. ఈ లైన్లో గంటలు కొట్టినోళ్లంతా ఇంతే మిస్. వాళ్లకి పేరు పెట్టి పిల్చినా తిరిగి వాళ్ల పేరు వాళ్లే చెప్పుకుంటారు."

వెనక నుంచి సుత్తి చప్పుడు ఆగింది. ఆయన గుమ్మంలోకి వచ్చాడు.

"కింద నుంచి గంట వస్తాది మిస్. ఎన్నొస్తే అన్ని మేము తిరిగి కొట్టాల. సరిగ్గా వినింటే కిందోళ్లు ఊరకుంటారు, తప్పుగా వినింటే మళ్లీ కొడతారు. రెండూ సరిపోయినాకే కేజీ కదలాల. లోపల మనుషులుంటారు కదా."

"ఇప్పుడు కేజీ లేదు కదప్పా" అంది భార్య.

"కేజీ లేదు" అన్నాడాయన. "అలవాటు ఉండాది."

మర్నాటి నుంచి క్లాసుకు వచ్చాడు. ఆ అలవాటు మాన్పించాలని నేను పట్టుపట్టాను. ప్రశ్న వినగానే జవాబు చెప్పాలి, మధ్యలో ఇంకేమీ ఉండకూడదు. ఆయన పెదవులు బిగించి కూర్చునేవాడు. గొంతు మాత్రం కదులుతుండేది. లోపల్లోపల తిరిగి చెప్పుకుని, జవాబు వెతుక్కుని, నోరు తెరిచేసరికి అడిగినవాళ్లు ఆశ వదులుకునేవాళ్లు.

"ముందర చిలక మాదిరి ఉన్నాడు, ఇప్పుడు చిలక బొమ్మ మాదిరి అయిపోయినాడు మిస్" అన్నాడు డ్రిల్లు అన్న.

"కొన్నేండ్లు పోతే సరైపోతాది" అన్నాడు గంటల అన్న, ఎవరినీ తప్పుపట్టకుండా.

ఫ్యాక్టరీవాళ్లకు గేటు మనిషి ఇంకా దొరకలేదు. మాస్టారు వాళ్లతో మాట్లాడి ఆయనకు ఇంకో అవకాశం ఇప్పించారు. నన్ను ముందు గదిలోకి పిలిచి చెప్పారు, "చూడమ్మా, ఈసారి పోతే ఇంగ లేదు. ఆ అలవాటును కత్తిరించెయ్. బయట దానికి విలువ లేదు."

"కత్తిరించను సార్" అన్నాను.

నా నోట్లోంచే వచ్చింది. మాస్టారు టైపు మిషన్ మీద చేతులు అలాగే ఉంచి చూశారు. నాకు మాత్రం భయం వేయలేదు. గంటల అన్న అలవాటుతో ఇన్నాళ్లూ పోట్లాడి ఆయన నోరే మూయించాను, అది ఇప్పుడు తెలుసు. "దాచిపెడితేనే తప్పులా కనపడుతోంది సార్. మేనేజరుకు ముందే చెప్పేస్తాడు" అన్నాను.

ఆ రాత్రి నేను ఇంగ్లీషులో చాలా అందమైన వాక్యం రాశాను. సుదీర్ఘ సేవ, భద్రతా నియమాలు, బాధ్యత, అన్నీ అందులో ఉన్నాయి. మర్నాడు చదివి వినిపించాను. గంటల అన్న సగం దాకా తిరిగి చెప్పి ఆగిపోయాడు.

"ఇది నా నోరు కాదు మిస్."

కాసేపు బోర్డు వైపు చూశాడు. దాని మీద పాత పాఠం తుడిచినా చాయలు మిగిలే ఉన్నాయి.

"ఆవును పెట్టుకుంటే కీప్. గేటు కాస్తే కీప్. మాట తప్పకుంటే కీప్. అలవాటు వదల్లేదంటే?"

"అది కూడా కీపే అన్నా."

"అది కూడా కీపే. అట్లయితే అది చాలు."

తన వాక్యం తనే కట్టుకున్నాడు. నేను ఒక్క అక్షరం మార్చలేదు.

మాలూరుకు ఆయన వెంట నన్ను పొమ్మన్నారు మాస్టారు. మేనేజరుకు కోపమొస్తే లోపలికి వెళ్లి ఏం చెప్పాలో రైల్లో త్యాకల్ స్టేషను దాకా మనసులో చదువుకున్నాను. ఆయన కిటికీ పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. భార్య ఇచ్చిన ఇడ్లీ పొట్లం ఇద్దరమూ విప్పలేదు.

ఫ్యాక్టరీ ఆఫీసు గదికి సగం తలుపులే ఉన్నాయి. బయట బెంచీ మీద కూర్చుంటే లోపలి మాటలన్నీ వినపడతాయి.

"యు అగైన్?" అన్నాడు మేనేజరు.

"యు అగైన్" అన్నాడు గంటల అన్న.

నేను కళ్లు మూసుకున్నాను. చదువుకున్న మాటలన్నీ కూడదీసుకుని లేచి నిలబడ్డాను. అప్పుడు ఆయన గొంతు వినపడింది, తొందర లేకుండా.

"సార్, ఐ కీప్ వన్ హ్యాబిట్. ఫస్ట్ ఐ సే యువర్ ఆర్డర్. దెన్ ఐ డూ."

మేనేజరు కుర్చీ జరిగిన చప్పుడు.

"ఓకే" అని పని చెప్పాడు. కొంచెం సేపట్లో రేకుల లారీ వస్తుంది, ఆఫీసు నుంచి చీటీ వచ్చేదాకా గేటు బయటే ఉంచు, చీటీ వచ్చాక రెండో గోడౌనుకు పంపు. అంతా ఇంగ్లీషులో, అందులోనూ వేగంగా.

గంటల అన్న మొత్తం తిరిగి చెప్పాడు. లారీ, గేటు, చీటీ. "దెన్ గోడౌన్ టూ."

"గోడౌన్ టూ?" అన్నాడు మేనేజరు. "నో, నో! టూ ఈజ్ ఫుల్. త్రీ. గోడౌన్ త్రీ."

"గోడౌన్ త్రీ" అన్నాడు అన్న.

తలుపు తోసుకుని బయటికి వచ్చి, నా వైపు చూడకుండానే గేటు దగ్గరికి నడిచిపోయాడు. నేను మళ్లీ కూర్చున్నాను. తన మాట తన చెవిన పడితే గాని అందులో పొరపాటు ఆ మేనేజరుకు వినపడలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు. అందరమూ అంతే. చెప్పేశాక మన పని అయిపోయిందనుకుంటాం.

లారీ వచ్చింది. హారన్ మీద హారన్.

"ఏమప్పా, గేటు తియ్యప్పా! ఎండలో నిలబెడతావా?"

"గేటు తియ్యాల. చీటీ వచ్చినాక తీస్తాను. నీడ ఆ పక్క ఉండాది, బండి ఆడ పెట్టుకో."

ఇంతలో అటెండరు వచ్చి టీచరు మీరేనా, లోపలికి రమ్మంటున్నారన్నాడు. వెళ్లాను. మేనేజరు టీ తాగుతూ, ఇంగ్లీషులోనే అడిగాడు, "డిడ్ యు టీచ్ హిమ్ దిస్?"

"డిడ్ ఐ టీచ్ హిమ్ దిస్?" అన్నాను నేను.

అన్నాక గానీ తెలియలేదు ఏమన్నానో. మేనేజరు కప్పు కింద పెట్టి మరీ నవ్వాడు. మీ ఊరంతా ఇంతేనా అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే జవాబు చెప్పాను. "నో సార్. హి కేమ్ విత్ ఇట్." పరాయి మనిషితో వణక్కుండా నేను మాట్లాడిన మొదటి ఇంగ్లీషు వాక్యం అదే. గంటల అన్నను సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు.

తిరుగు రైల్లో ఇడ్లీ పొట్లం విప్పాం. చట్నీ పులిసిపోయింది. ఇద్దరమూ తిన్నాం.

ఆ కేంద్రం ఎక్కువ కాలం నడవలేదు. నేర్చుకోవాల్సినవాళ్లు నేర్చుకుని వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు నేర్చుకోకుండానే వెళ్లిపోయారు. మాస్టారు టైపు మిషన్లు అమ్మేశారు. నేనిప్పుడు ఒక కొరియర్ ఆఫీసులో ఫోన్లు తీస్తాను. ఎవరు ఏ అడ్రసు చెప్పినా తిరిగి చెప్పి గాని రాసుకోను. పక్క సీటు అమ్మాయిలు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఇది నాకు నా విద్యార్థి నేర్పిన పాఠం.

ఆ సోమవారం పొద్దున నేనూ మా ఊరి ఛాంపియన్ స్టేషన్‌కు వెళ్లాను. గంటల అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆ సీటు పట్టిపెట్టిన డ్రిల్లు అన్న పక్కన కూర్చుని, "ఏమప్పా చిలకా, నీకోసం ఇద్దరితో జగడమాడినా" అంటున్నాడు. గంటల అన్న భార్య ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంది. ఇన్నేళ్లూ ఆ అలవాటును తిట్టిన మనిషి.

రైలు కూత వేసింది. ఆమె ఏదో అంది. కూతలో కలిసిపోయింది. ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టి ఊరికే చూశాడు. రైలు కదిలింది. ఆమె కిటికీ పక్కనే నడుస్తూ, నన్నూ ఎదురొచ్చినవాళ్లనూ తోసుకుంటూ, మళ్లీ అరిచింది.

"వచ్చేటప్పుడు ఉప్పు తే!"

"ఉప్పు" అన్నాడాయన.

అప్పుడు ఆగిందామె. ఇంక రైలు పోవచ్చన్నట్టు పైట సర్దుకుని, ఇడ్లీలకు పొద్దుపోయిందంటూ ఇంటిదారి పట్టింది.